మిడ్‌నైట్ ఆయిల్: ఒక్క పాట బ్యాండేనా, ఎక్కడ మొదలుపెట్టి వినాలి?

మీరు అడిగినవి మూడు. ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’ కాకుండా ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ మిడ్‌నైట్ ఆయిల్‌కి చెప్పుకోదగ్గ పాటలు ఇంకేమైనా ఉన్నాయా అన్నది మొదటిది. ఆ గుండు గాయకుడు తర్వాత మంత్రి కూడా అయ్యాడట కదా, ఆ రాజకీయం తీసేస్తే పాటలో ఏం మిగులుతుంది అన్నది రెండోది. కొత్తగా వినేవాళ్లు ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి అన్నది మూడోది.

మూడోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. 1982లో వచ్చిన ‘10, 9, 8, 7, 6, 5, 4, 3, 2, 1’ తో మొదలుపెట్టండి. పేరే అది, రాకెట్ వదిలేముందు లెక్కపెట్టినట్టు. ఎవరిని అడిగినా మీకు ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’ ఉన్న ‘డీజిల్ అండ్ డస్ట్’ చేతిలో పెడతారు. అది గొప్ప ఆల్బమే. కానీ అది ఈ బ్యాండ్ గొంతు తగ్గించుకున్నాక చేసిన ఆల్బమ్. అంతకుముందు ఎంత గట్టిగా మోగేవాళ్లో తెలిస్తేనే ఆ తగ్గింపు విలువ తెలుస్తుంది. మిగతా రెండు ప్రశ్నలకూ జవాబు ఆ తగ్గింపులోనే ఉందని నా నమ్మకం. అందుకే కాస్త వెనక నుంచి వస్తాను, ఓపిక పట్టండి.

1991లో నేను విశాఖపట్నంలో ఇంటర్ చదువుతున్నాను. మా చిన్న మావయ్య మర్చంట్ నేవీలో చేసేవాడు. ఆయన ఓడ దిగి తెచ్చిన క్యాసెట్లలో ‘డీజిల్ అండ్ డస్ట్’ ఒకటి. ఆ యాసకి మాటలు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. డ్రమ్ము మాత్రం అర్థమైంది. తర్వాత చదువుకని సిడ్నీ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. కచేరీలకు సౌండ్ చూసుకోవడం నా వృత్తి, ఇరవై ఏళ్లు దాటింది. ఈ బ్యాండ్‌ని 2017లో డొమైన్ మైదానంలోనూ, 2022లో వాళ్ల ఆఖరి కచేరీలోనూ ఎదురుగా నిలబడి విన్నాను. కాబట్టి నేను చెప్పేది ఎక్కువగా చెవి వైపు నుంచే ఉంటుంది.

సిడ్నీలో 1972లో ‘ఫార్మ్’ అనే పేరుతో మొదలైన కుర్రాళ్ల బృందం ఇది. డ్రమ్స్‌కి రాబ్ హర్స్ట్, గిటార్‌కీ కీబోర్డ్‌కీ జిమ్ మొగినీ, బేస్‌కి ఆండ్రూ జేమ్స్. గాయకుడు కావాలని వాళ్లు ఇచ్చిన ప్రకటన చూసి వచ్చినవాడు పీటర్ గారెట్, లా విద్యార్థి, తాటిచెట్టంత మనిషి. 1976లో చీటీలు రాసి టోపీలో వేసి తీస్తే వచ్చిన పేరు మిడ్‌నైట్ ఆయిల్. కొద్దికాలానికే రెండో గిటార్‌కి మార్టిన్ రోట్సీ చేరాడు. బేస్ వాయించేవాళ్లు మారారు గానీ హర్స్ట్, మొగినీ, రోట్సీ, గారెట్ నలుగురూ చివరిదాకా ఉన్నారు. పాటల్లో ఎక్కువ భాగం హర్స్ట్, మొగినీల చేతి నుంచి వచ్చాయి. ముందు నిలబడి పాడేవాణ్ణి చూసి అంతా ఆయన రాసినవే అనుకుంటారు. డ్రమ్మర్ రాసిన పాటలని తెలిసి వింటే, దరువు ఎందుకంత ముందుకొచ్చి కూర్చుందో బోధపడుతుంది.

ఆ రోజుల్లో ఆస్ట్రేలియా రాక్‌కి బడీ గుడీ రెండూ పబ్బులే. సిడ్నీ ఉత్తర తీరాన నరాబీన్‌లో ఉన్న రాయల్ యాంట్లర్ హోటల్ వీళ్ల అడ్డా. పగలంతా అలల మీద సర్ఫింగ్ చేసి ఒళ్లు ఉప్పుతో తెల్లబడ్డ కుర్రాళ్లు, కిక్కిరిసిన గది, బీరు, చెమట. అలాంటి గదుల్లో పనిచేసిన వాడిగా చెబుతున్నాను: జనం గోల దాటి పాట వినపడాలంటే వేగమూ, శబ్దమూ రెండూ కావాలి. మర్యాదగా వాయిస్తే అటు తిరిగి కబుర్లు చెప్పుకుంటారు. మిడ్‌నైట్ ఆయిల్ ఆ గదుల్లో పెరిగింది. ఆ ఒత్తిడి వాళ్ల చేతుల్లోకి ఇంకిపోయింది.

మీరు రాజకీయం అంటున్నది అక్కడే మొదలైంది, పాటల్లోకి రాకముందే. దేశమంతా ఆదివారం సాయంత్రం టీవీ ముందు కూర్చుని ‘కౌంట్‌డౌన్’ అనే కార్యక్రమం చూసేది. అందులో ఒక్కసారి కనబడితే బ్యాండ్ రాత మారిపోయేది. వీళ్లు అందులో ఆడలేదు, ఆడమని తేల్చి చెప్పారు. కచేరీల బుకింగు దళారుల చేతుల్లో పెట్టకుండా మేనేజర్ గ్యారీ మోరిస్‌తో కలిసి తామే చూసుకున్నారు. ఎక్కడ ఆడాలి, టికెట్ ఎంత ఉండాలి అన్నవి తాము నిర్ణయించుకోవాలన్న పట్టుదల అది. ఇంకొకరికి స్వేచ్ఛ గురించి చెప్పేముందు తమ లెక్కలు తాము సరిచేసుకున్నారు. ఆ క్రమం నాకు చాలా ఇష్టం.

మొదటి రెండు ఆల్బమ్‌లు, 1978 నాటి ‘మిడ్‌నైట్ ఆయిల్’, 1979 నాటి ‘హెడ్ ఇంజురీస్’, పబ్బులో వీళ్లు ఎలా ఉండేవాళ్లో సగం కూడా చూపించవు. శబ్దం సన్నగా ఉంటుంది. రెండోదాంట్లో ‘కోల్డ్ కోల్డ్ చేంజ్’ ఒక్కటి వినండి, చాలు. 1980లో ఆండ్రూ జేమ్స్ తప్పుకుని పీటర్ గిఫర్డ్ బేస్ పట్టుకున్నాక కింది అంతస్తు గట్టిపడింది. 1981లో ‘ప్లేస్ వితౌట్ ఎ పోస్ట్‌కార్డ్’ కోసం ఇంగ్లండ్ వెళ్లారు. నిర్మాత గ్లిన్ జాన్స్. రోలింగ్ స్టోన్స్, ది హూ లాంటి వాళ్లతో పనిచేసిన పెద్ద చెయ్యి. ఆయన పరిచయంతో ఒక పెద్ద రికార్డు కంపెనీ ముందుకొచ్చింది గానీ, రేడియోలో మోగే పాట లేదు, మళ్లీ వెళ్లి రికార్డు చేసి తెండి అంది. వీళ్లు వినలేదు. చేతిలో డబ్బు లేదు, విదేశంలో పేరు లేదు. అయినా చేసిన ఆల్బమ్‌నే పట్టుకుని ఇంటికి తిరిగొచ్చేశారు.

ఇక 1982. లండన్‌లో టౌన్‌హౌస్ స్టూడియో. గోడలకి రాయి తాపిన గదిలో డ్రమ్స్ పెట్టి తీసిన శబ్దానికి అప్పటికే ప్రసిద్ధి. నిర్మాత కుర్చీలో నిక్ లానే అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు. ఆస్ట్రేలియా పబ్బుల్లో వీళ్ల పేరు వేగానికీ, గోలకీ కదా. మరి ఆల్బమ్ ఎలా మొదలవుతుందో చూడండి. మొదటి పాట ‘ఔట్‌సైడ్ వరల్డ్’ మెల్లగా, దాదాపు చీకట్లో నడుస్తున్నట్టు, సింథసైజర్ మీద తేలుతూ వస్తుంది. గిటార్ల మోత కోసం ఎదురుచూసినవాడికి నిశ్శబ్దం వడ్డించారు. ఆ తర్వాత ‘ఓన్లీ ద స్ట్రాంగ్’ విరుచుకుపడుతుంది. ‘స్క్రీమ్ ఇన్ బ్లూ’ అయితే ఒకే పాటలో రెండూ చేస్తుంది: గిటార్లు అరిచి అరిచి ఆగిపోతాయి, మిగిలినదాంట్లో పియానో, ఒక గొంతు. శబ్దం ఎంత పెంచాలో తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. ఎప్పుడు తీసెయ్యాలో వీళ్లు నేర్చుకున్నది ఈ ఆల్బమ్‌లో.

‘పవర్ అండ్ ద ప్యాషన్’ మీరు బహుశా ఎక్కడో విని ఉంటారు. నడక డాన్సు పాటలా ఉంటుంది. మాటల్లో మాత్రం తిండీ టీవీతో తృప్తిపడి కళ్లు మూసుకున్న దేశాన్ని కుదిపి లేపుతుంటారు. ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర అమెరికాతో కలిసి నడిపే పైన్ గ్యాప్ నిఘా కేంద్రం ప్రస్తావన కూడా వస్తుంది. పాట మధ్యలో అన్నీ ఆపేసి హర్స్ట్ ఒక్కడే డ్రమ్స్ వాయిస్తాడు. తన బలం చూపించుకునే సోలోలా ఉండదు, మాట అందనిచోట చేతులతో వాదిస్తున్నట్టు ఉంటుంది. వేదిక మీద ఆయన పక్కన పల్లెటూళ్లలో వాననీళ్లు పట్టే ముడతల రేకు ట్యాంకు ఒకటి ఉండేది. దాన్నీ కొట్టేవాడు. మైకు పెట్టడం కష్టమైన వస్తువు అది, ఎటు కొడితే అటు గంటలా మోగుతుంది. ఆస్ట్రేలియా పల్లెల శబ్దాన్ని ఏ స్టూడియో పరికరంతోనూ తేలేరు, అందుకే అసలు ట్యాంకునే తెచ్చుకున్నారు.

అదే ఆల్బమ్‌లో ‘మరలింగా’ అనే పాట ఉంది. దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో, ఆదివాసుల నేల మీద, 1956 నుంచి 1963 దాకా బ్రిటన్ అణు పరీక్షలు జరిపిన చోటు పేరది. 1982లో ఒక రాక్ ఆల్బమ్ ఆ పేరు తలుచుకుంది. ‘షార్ట్ మెమరీ’లో వలస పాలకులు చేసిన దారుణాల జాబితా ఒక్కో దేశమే వస్తుంటే, వెనక తాళం మాత్రం నిదానంగా, తొందరేమీ లేనట్టు సాగుతుంది. వినేవాడికి వణుకు అందువల్లే పుడుతుంది. ఈ ఆల్బమ్ ఆస్ట్రేలియా పట్టికల్లో 171 వారాలు నిలబడింది. మూడేళ్ల పైమాట.

1984లో టోక్యోలో రికార్డు చేసిన ‘రెడ్ సెయిల్స్ ఇన్ ద సన్‌సెట్’ ఆస్ట్రేలియాలో వాళ్లకి మొదటి నంబర్ వన్. అట్ట మీద బొమ్మ జపాన్ కళాకారుడు త్సునెహిసా కిమురాది, అణుబాంబు పడ్డాక ఎండి బీటలువారిన సిడ్నీ రేవు. ఆల్బమ్ నాకు అంతగా దగ్గరకాలేదు, ఆలోచనలు ఎక్కువై పాటలు ఇరుక్కుపోయాయనిపిస్తుంది. అదే ఏడాది డిసెంబర్‌లో గారెట్ అణ్వాయుధ వ్యతిరేక పార్టీ తరఫున సెనేట్‌కి పోటీచేసి కొద్దిలో ఓడిపోయాడు. గెలిచి ఉంటే ‘డీజిల్ అండ్ డస్ట్’ వచ్చేది కాదేమో అని ఇప్పటికీ అనుకుంటాను.

అసలు మలుపు 1986. దానికి ముందు సంగతి కొంచెం తెలియాలి. పశ్చిమ ఎడారిలో పింటుపి అనే ఆదివాసీ జనం ఉంటారు. 1950లు, 60లలో ప్రభుత్వం వాళ్లని ఎడారిలోని సొంత చోట్ల నుంచి తరలించి పాపున్యా లాంటి స్థావరాలకి చేర్చింది. అటుమీదుగా రాకెట్లు ప్రయోగించడం కూడా అందుకు ఒక కారణం. కొత్తచోట రోగాలతో, బెంగతో చాలామంది పోయారు. 1980ల మొదట్లో మిగిలినవాళ్లు తమంతట తాము పడమటికి తిరిగి వెళ్లి కింటోర్ దగ్గర స్థిరపడ్డారు. 1985 అక్టోబర్ 26న ఉలురు అనే ఆ పెద్ద ఎర్రరాతి కొండ హక్కుపత్రం అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజల చేతికి వచ్చింది. ఆ సందర్భం మీద తీస్తున్న సినిమా కోసం ఒక పాట అడిగితే వీళ్లు రాసినదే ‘ద డెడ్ హార్ట్’.

పాట రాశారు సరే. రాసినవాళ్లు ఆ నేల చూడాలి కదా. 1986లో పాపున్యాకి చెందిన ఆదివాసీ రాక్ బృందం వారుంపి బ్యాండ్‌తో కలిసి ఎడారి స్థావరాలకీ, ఆపైన ఉత్తర తీరంలోని ఆదివాసీ ఊళ్లకీ కచేరీలతో బయలుదేరారు. ఆ యాత్రకి వారుంపి వాళ్ల పాట పేరే పెట్టారు, ‘బ్లాక్‌ఫెల్లా వైట్‌ఫెల్లా’. దుమ్ము రోడ్లు, ఆరుబయట వేదికలు, ఇసుకలో కూర్చున్న పిల్లలూ ముసలమ్మలూ, చుట్టూ కుక్కలు. మిడ్‌నైట్ ఆయిల్ అనే పేరు అక్కడ చాలామందికి తెలియదు. పబ్బులో జనాన్ని లొంగదీసుకున్న ఆ వేగం, ఆ మోత అక్కడ పనిచేయలేదు. వారుంపి బ్యాండ్ ఎక్కితే మాత్రం జనం లేచి ఆడేవాళ్లు. వాళ్ల నడక తేలిక, అడుగుకి అడుగు వేయడానికి చోటుంటుంది.

నా వృత్తి వైపు నుంచి ఈ సంగతి మీద రెండు మాటలు. గోడలున్న గదిలో శబ్దం తిరిగొచ్చి నిన్నే కొడుతుంది, నువ్వు పెద్దవాడివన్న భ్రమ కలుగుతుంది. ఎడారిలో గోడ లేదు. స్నేర్ అనే చిన్న డ్రమ్ము కొడితే ఆ దెబ్బ వెళ్లిపోతుంది, తిరిగిరాదు. తర్వాతి దెబ్బ దాకా ఉన్నది ఖాళీ. ఆ ఖాళీని స్వరాలతో నింపాలని చూస్తే అలసటే మిగులుతుంది. దాన్ని అలా వదిలేస్తే పాటకి ఊపిరి వస్తుంది. ఆ తర్వాత వచ్చిన ఆల్బమ్ విన్నప్పుడల్లా, వాళ్లు ఈ పాఠం అక్కడే నేర్చుకున్నారని నా చెవి చెబుతుంది.

1987 ఆగస్టులో ‘డీజిల్ అండ్ డస్ట్’ వచ్చింది. నిర్మాత వార్న్ లివ్‌సీ. రికార్డింగు సిడ్నీలోనే. ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’ని ఇప్పుడు మళ్లీ వినండి. మొదట మూడు గట్టి దెబ్బలు, ఇత్తడి వాయిద్యాలతో. వెంటనే అంతా పక్కకి తప్పుకుంటుంది. బేస్, డ్రమ్స్, గారెట్ గొంతు, అంతే. ఆ గొంతు కూడా పాడుతున్నట్టు ఉండదు, దారి పక్కన నిలబడి ఊళ్ల పేర్లు చెబుతున్నట్టు ఉంటుంది. కింటోర్, యుఎండుము అని వినబడేవి వాళ్లు వెళ్లిన నేల మీది ఊళ్లే. చరణం పూర్తయ్యాక, ఇక తిరిగి ఇచ్చేయాల్సిన సమయం వచ్చిందనే మాట దగ్గర, ఒక్కో వాక్యం చివర ఖాళీ వదిలి ఆ ఖాళీలో డ్రమ్ముతో కొడతారు. ఊరి చావడిలో పెద్దమనిషి మాట చెప్పి కర్ర నేలకి తాటించినట్టు. పల్లవి వచ్చేసరికి అందరూ కలిసి పాడతారు. కాళ్లు వాటంతట అవే కదులుతాయి. సరిగ్గా అప్పుడే, నేల ఇలా ఉంటే మనం ఎలా ఆడగలం అని పాట అడుగుతుంది. ఆడిస్తూనే అడుగుతుంది.

మీ రెండో ప్రశ్నకి నా జవాబు ఇదే. మన దగ్గర ఉద్యమ పాటలోంచి డప్పు దరువు తీసేసి మాట ఒక్కటే ఉంచండి, లేదా మాట తీసేసి దరువు ఉంచండి, ఏదీ నిలబడదు. ఈ పాటలోనూ అంతే. ఎవరి భూమి వాళ్లకి వదలాలి అన్నది మాటల్లో ఉంది, వాయిద్యాలు ఒకదానికొకటి చోటు వదలడంలోనూ ఉంది. ఇంకో సంగతి. ఈ పాట వచ్చేనాటికి, తెల్లవాళ్లు వచ్చేసరికే ఆదివాసులకి ఆ నేల మీద హక్కుండేదని ఆస్ట్రేలియా చట్టం ఇంకా ఒప్పుకోలేదు. ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం మాబో కేసులో ఆ మాట చెప్పింది 1992 జూన్ 3న, పాట వచ్చిన ఐదేళ్లకి.

పాట కెనడాలో, న్యూజీలాండ్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. బ్రిటన్‌లో 6, అమెరికాలో 17. 2010లో సంగీతం మీద రాసే ముగ్గురు ఆస్ట్రేలియా రచయితలు ఆ దేశపు 100 ఉత్తమ ఆల్బమ్‌లని ఎంచి పుస్తకం వేస్తే ‘డీజిల్ అండ్ డస్ట్’ని మొదట పెట్టారు.

తెల్లవాళ్లు వెళ్లి ఆదివాసుల తరఫున పాడటం ఏమిటి అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. అది అడగాల్సిన ప్రశ్నే. పేరూ డబ్బూ వచ్చింది మిడ్‌నైట్ ఆయిల్‌కి, వారుంపి బ్యాండ్‌కి కాదు. అందుకే ఈ ఆల్బమ్ వినేవాళ్లందరికీ వారుంపి పాటలు కూడా వినమని చెబుతాను. 1983లో లురిట్జా భాషలో వచ్చిన వాళ్ల ‘జైలంగురు పకార్ను’, ఆదివాసీ భాషలో విడుదలైన తొలి రాక్ పాట. జార్జ్ రురంబు గొంతు, సామీ బుచర్ గిటార్ వింటే, మిడ్‌నైట్ ఆయిల్ ఆ యాత్రలో ఎవరి దగ్గర కూర్చుని నేర్చుకుందో తెలుస్తుంది.

ఆల్బమ్ అయ్యాక గిఫర్డ్ ఆరోగ్యం బాగాలేక తప్పుకున్నాడు. న్యూజీలాండ్ వాడైన బోన్స్ హిల్‌మన్ వచ్చాడు. మంచి బేస్, అంతకుమించి తీయటి గొంతు. హర్స్ట్ గొంతుతో కలిసి వెనక పాడితే పల్లవుల రంగే మారిపోయింది. అది వినాలంటే 1990 నాటి ‘బ్లూ స్కై మైనింగ్’.

అందులోని ‘బ్లూ స్కై మైన్’ పాట పశ్చిమ ఆస్ట్రేలియాలోని విటెనూమ్ గురించి. నీలి రాతినార, అంటే ఆస్బెస్టాస్, తవ్విన గని ఊరు. 1966లో గని మూతపడింది. ఆ ధూళి పీల్చిన కార్మికులూ, వాళ్ల బట్టలు ఉతికిన ఇల్లాళ్లూ, ఆ ఇసుకలో ఆడుకున్న పిల్లలూ దశాబ్దాల తర్వాత ఊపిరితిత్తుల జబ్బులతో పోతూ వచ్చారు. గని నడిపింది ఒక పంచదార కంపెనీ అనుబంధ సంస్థ, అందుకే పాటలో పంచదార కంపెనీ ప్రస్తావన వస్తుంది. తెలియనివాళ్లకి అది అర్థంకాని మాటగా ఉండిపోతుంది. సిమెంటు రేకుల ఇళ్లలో పెరిగినవాళ్లం, కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రాతినార గనులుండేవని తెలిసినవాళ్లం, ఈ పాట దగ్గర మనం కాసేపు ఆగాలి. మౌత్ ఆర్గాన్‌తో హుషారుగా మొదలవుతుంది. పొద్దున్నే షిఫ్టుకి బయలుదేరే మనిషి హుషారు అది. తనకేం కానుందో అతనికి తెలియదు, వినేవాడికి తెలుసు.

అదే ఏడాది మే 30న న్యూయార్క్‌లో ఎక్సాన్ కంపెనీ భవనం ముందు, మధ్యాహ్నం భోజనాల వేళ, ఒక లారీ మీద వాయిద్యాలు సర్దుకుని కచేరీ చేశారు. అంతకుముందు ఏడాది అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు కారి సముద్రం పాడైనందుకు నిరసన. వీడియో దొరుకుతుంది, చూడండి. కింద సూట్లు వేసుకున్న ఆఫీసు జనం, పైన మెలికలు తిరిగిపోతూ ఆడే గారెట్. వీధిలో, ట్రాఫిక్ మధ్య, హడావిడిగా పెట్టిన సరంజామా మీద అంత బిగువుగా వాయించడం మామూలు విషయం కాదు. పబ్బుల్లో గడిపిన పదిహేనేళ్లు అక్కడ అక్కరకొచ్చాయి.

1990లని తొందరగా దాటేస్తాను. 1993 నాటి ‘ఎర్త్ అండ్ సన్ అండ్ మూన్’ వెచ్చగా, చెక్కతో చేసిన గదిలో వాయించినట్టు ఉంటుంది, నాకు ఇష్టం. 1996 నాటి ‘బ్రీద్’ తడబడింది. 1998లో ‘రెడ్‌నెక్ వండర్‌ల్యాండ్’ మళ్లీ కరకుగా, యంత్రాల రొదతో, దేశంలో పెరుగుతున్న జాతి ద్వేషం మీద కోపంతో వచ్చింది. చాలామంది దాన్ని పట్టించుకోలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఓపిగ్గా వింటే తప్పకుండా పట్టుకుంటుంది. 2002లో ‘కాప్రికోర్నియా’తో ఆ దశ ముగిసింది.

మధ్యలో 2000 అక్టోబర్ 1 ఉంది. సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు వేడుక. బలవంతంగా కుటుంబాల నుంచి విడదీసిన ఆదివాసీ పిల్లల తరాలకి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పడానికి ప్రధాని జాన్ హోవర్డ్ ఒప్పుకోవడం లేదు. ఆయన ప్రేక్షకుల్లోనే ఉన్నాడు. బ్యాండ్ వాళ్లు వేదిక మీదికి వచ్చేదాకా పైబట్టలు కప్పుకుని, పాట మొదలయ్యేసరికి అవి తీసేశారు. నల్లటి దుస్తుల నిండా తెల్లటి అక్షరాలతో ఒకటే మాట, ‘సారీ’. ప్రపంచమంతా చూస్తుండగా ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’ వాయించారు. ఆ క్షమాపణ పార్లమెంటులో ప్రధాని కెవిన్ రడ్ నోట వచ్చింది 2008 ఫిబ్రవరి 13న. అప్పటికి గారెట్ ఆ ప్రభుత్వంలో మంత్రి.

ఆయన మంత్రి అయి మారిపోయాడా అన్న అనుమానం మీ మాటల్లో కనబడింది. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 2002 చివర బ్యాండ్ వదిలి, 2004లో లేబర్ పార్టీ తరఫున సిడ్నీలోని కింగ్స్‌ఫర్డ్ స్మిత్ నుంచి పార్లమెంటుకి వెళ్లాడు. 2007 చివర్లో పర్యావరణ మంత్రి. యురేనియం తవ్వకాన్ని ఏళ్ల తరబడి వ్యతిరేకించిన మనిషి, 2009లో ఫోర్ మైల్ యురేనియం గనికి అనుమతి మీద సంతకం పెట్టాడు. పాత అభిమానులకి అది గుచ్చుకుంది, నాకూ గుచ్చుకుంది. ఇళ్ల పైకప్పుల్లో ఇన్సులేషన్ వేయించే పథకం ఆయన శాఖ కిందే నడిచింది, ఆ పనిలో నలుగురు యువ కార్మికులు చనిపోయారు. అది చిన్న విషయం కాదు. అదే మనిషి 2009లో క్వీన్స్‌లాండ్‌లోని ట్రావెస్టన్ డ్యామ్‌ని ఆపేశాడు. జపాన్ తిమింగలాల వేట మీద ఆస్ట్రేలియా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లినప్పుడు పర్యావరణ మంత్రి ఆయనే. 2014లో ఆ కేసు గెలిచారు. పార్టీలో చేరినవాడు ఒంటరిగా పాడలేడు, బృందగానంలో కలవాలి. ఆ ఎంపికకి ఆయన మూల్యం చెల్లించాడు. దానికోసం 1982 నాటి పాటల్ని శిక్షించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

2013లో రాజకీయాలు వదిలేశాడు. 2017లో బ్యాండ్ మళ్లీ ప్రపంచయాత్ర చేసింది, నవంబర్‌లో సిడ్నీ డొమైన్ మైదానంలో ముగిసింది. అరవై దాటినవాళ్లు ఆ బిగువు నిలబెట్టుకోగలరా అన్న భయంతో వెళ్లాను. మొదటి రెండు నిమిషాల్లో ఆ భయం పోయింది. హర్స్ట్ కాళ్లలో వేగం తగ్గలేదు.

2020 అక్టోబర్ 30న ‘ద మకరాటా ప్రాజెక్ట్’ విడుదలైంది. మకరాటా ఉత్తర ఆస్ట్రేలియా ఆదివాసులైన యోల్ఙు ప్రజల మాట, తగువు తర్వాత కూర్చుని రాజీపడటం అని అర్థం. ఇందులో ఆదివాసీ గాయకులు పక్కన నిలబడి పాడారు, కొన్నిచోట్ల ముందే నిలబడ్డారు. ఒక పాటలో ఆదివాసీ గాయకుడు కెవ్ కార్మొడీతో పాటు గిటార్‌తో ఉన్నది వారుంపి బ్యాండ్ సామీ బుచర్, 1986 యాత్రలో ఉన్న అదే సామీ. ఆస్ట్రేలియాలో ఆల్బమ్ నంబర్ వన్ అయింది. విడుదలైన ఎనిమిదో రోజున, నవంబర్ 7న, బోన్స్ హిల్‌మన్ క్యాన్సర్‌తో పోయాడు, 62 ఏళ్లకి. 2022లో వచ్చిన చివరి ఆల్బమ్ ‘రెసిస్ట్’లో వినబడే బేస్ కూడా ఆయనదే.

2022 అక్టోబర్ 3న హోర్డర్న్ పెవిలియన్‌లో ఆఖరి కచేరీ. మూడు గంటలు దాటి సాగింది. నా పక్కన యాభై ఏళ్లావిడ ఒకరు మొదటి నుంచి చివరిదాకా ప్రతి మాటా పాడారు. నేను అలవాటుకొద్దీ మిక్సింగ్ బల్ల పక్కన నిలబడ్డాను, అక్కడైతే అన్నీ సమంగా వినబడతాయి.

ఇక మీ మూడో ప్రశ్నకి వివరంగా. మొదట ‘10, 9, 8...’ ని మొదటి పాట నుంచి వరసగా వినండి, పాటలు దాటేయకండి. తర్వాత ‘డీజిల్ అండ్ డస్ట్’, దాని వెంటనే వారుంపి బ్యాండ్ 1985 నాటి ‘బిగ్ నేమ్, నో బ్లాంకెట్స్’. ఆపైన ‘బ్లూ స్కై మైనింగ్’. ఇవి నచ్చితే 1992 నాటి లైవ్ ఆల్బమ్ ‘స్క్రీమ్ ఇన్ బ్లూ’, స్టూడియోలో దాచుకున్న కోపం అందులో బయటికొస్తుంది. అక్కడి నుంచి ‘ఎర్త్ అండ్ సన్ అండ్ మూన్’కీ, ‘మకరాటా’కీ మీరే వెళతారు. మొదటి రెండు ఆల్బమ్‌లు అన్నిటికంటే చివర, అప్పుడు వాటి మీద ప్రేమ పుడుతుంది.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు. గిఫర్డ్ బేస్ అందులో పూర్తిగా మాయమవుతుంది. ఒక మోస్తరు హెడ్‌ఫోన్ చాలు. ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’ మొదటి చరణంలో మాటలు వదిలేసి స్నేర్ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఏముందో వినండి. అది విన్నాక ‘ద డెడ్ హార్ట్’ పెట్టుకోండి, మాటలు లేకుండా అందరూ కలిసి తీసే ఆ రాగం ఎందుకంత నెమ్మదిగా నడుస్తుందో మీకే వినబడుతుంది.